పోయిన నీరు మరల వచ్చువరకు

సముద్రమునకు అంత దూరమున, కొండల నడుమ కాపురములు చేయు మనకు పోటుపాటులతో నేమి పని యని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల సోదరీమణులు అడుగవచ్చును. ఈ మూడు ఊళ్ళును సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నవి. మనము ఎరిగిన నీరు చెరువు నీరు, బావి నీరు, ఏటి నీరు. అది వానకు నిండును, ఎండకు తగ్గును. ఉదయమున నిండి, మధ్యాహ్నమునకు తగ్గి, రాత్రికి మరల నిండు నీటిని మనలో పెక్కండ్రు చూచి యెరుగరు.

అయినను మన నీరు సముద్రమును ఎరిగినదే. మదనపల్లె ప్రక్కన పారు బాహుదానది చెయ్యేటిలోను, చెయ్యేరు పెన్నలోను గలిసి నెల్లూరు సీమలో కడలిని జేరును. కుప్పము సీమ మీదుగా పోవు పాలారు తమిళదేశమున బ్రవహించి చెన్నపట్టణమునకు దక్షిణమున సముద్రములో బడును. నీరు పోయిన చోటికి మనుష్యులును పోవుచుందురు. సెలవులు వచ్చినవన్న పిల్లలకు సముద్రము చూపవలెనని మనకు ముచ్చట పుట్టును. అట్లు పోయి, మా తెలివిమాలినతనముచేత ఒక చిన్న చేపల పడవ నేల తాకుటకు కారకులమై, నలుగురు పిల్లలతో ఆరుగంటల కాలము నీటి నడుమ చిక్కుకొన్న మా అనుభవమును ఇచ్చట వ్రాయుచున్నాము. ఇందు వీరకార్యము లేదు. కాని మేము నేర్చుకొన్నది మరియొక తల్లికి ఉపయోగపడునేమో యను ఆశ కలదు.

అది 2009వ సంవత్సరపు సంక్రాంతి. పండుగకు చెన్నపట్టణములోని బంధువుల యింట మేము మదనపల్లె నుండియు, మా వదినగారు పుంగనూరు నుండియు, మా చెల్లెలు కుప్పము నుండియు వచ్చి కలిసికొంటిమి. కనుమనాడు ప్రళయకావేరికి పోవుదమని పిల్లలు పట్టుపట్టిరి. "కనుమనాడు కాకియైన కదలదు, మీరు పోయెదరా?" యని మా అత్తగారు అడ్డుపడిరి. మేము నవ్వి బయలుదేరితిమి.

ప్రళయకావేరి యనునది ఇప్పుడు పులికాటు సరస్సని పిలువబడు పెద్ద కయ్య. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. మనదేశమున ఒరిస్సాలోని చిలుక సరస్సు తరువాత ఇంతటి ఉప్పునీటి కయ్య మరియొకటి లేదు. దానిలో అధికభాగము ఆంధ్రదేశమునకు జెందినది. దక్షిణపు కొస తమిళదేశములో నున్నది. తూర్పున శ్రీహరికోట దీవి దానిని సముద్రమునుండి వేరుచేయుచున్నది. అక్కడనుండియే మనవారు ఆకాశమునకు రాకెట్లను పంపుచుందురు. దక్షిణపు కొసన పులికాటు అను పాత రేవుపట్టణము కలదు. 1613లో డచ్చివారు అచ్చట గెల్డ్రియా యను కోటను కట్టి, చోళమండలతీరపు వర్తకమునకు దానిని చాలకాలము ముఖ్యస్థానము చేసికొనిరి. అంతటి వర్తకులైనను తమ పెద్ద ఓడలను కయ్యలోనికి దేలేకపోయిరి. ముఖద్వారమున ఇసుక మేట యడ్డు. ఓడలు సముద్రములోనే లంగరు వేసికొని నిలువగా, సరకులు చిన్న పడవలమీద రాకపోకలు చేసెడివి. మాకు ఆనాడు ఈ సంగతి తెలిసియుండినచో, నేలను దాకిన మా పడవను జూచి అంతగా సిగ్గుపడకపోదుము.

మగవారు డచ్చివారి సమాధులను జూడబోయిరి. మేము ముగ్గురు ఆడవారమును, నలుగురు పిల్లలును ముఖద్వారమువైపు పోవు ఒక చేపల పడవలో ఎక్కితిమి. పెద్దవాడు మా వదినగారి కుమారుడు, పండ్రెండేండ్ల బాలుడు. చిన్నది మా చెల్లెలి బిడ్డ, ఏడాదిన్నర ప్రాయము. పడవవాడును, అతని తల్లియు తమ పల్లెకు బోవుచు మమ్ములను గూడ ఎక్కించుకొనిరి. ఆ తీరపు పల్లెలలో తెలుగు, తమిళము రెండును వినవచ్చును. వారిది తెలుగు పలుకే. మేమందరము ఆ ముసలమ్మను అవ్వా యని పిలుచుకొంటిమి.

మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున మేము ముఖద్వారము చేరువనున్న ఇసుకదిబ్బపై దిగితిమి. అప్పుడు నీరు నిండుగా నుండెను. దూరమున ఎఱ్ఱని కాళ్ళతో రాజహంసలు బారులుగా నిలిచియుండెను. పిల్లలు గవ్వలు ఏరసాగిరి. "అమ్మా, రెండున్నరకంతా ఎక్కేయాల. పాటు మొదలైంది, నీళ్ళు పోతాండాయి" అని పడవవాడు హెచ్చరించెను. మరికొంత సేపటికి మరల చెప్పెను. నీరు ఎదుట నిండియున్నట్లే కనబడుచుండగా ఈ తొందర యేల యని మేము అనుకొంటిమి. గవ్వలు ఏరుట ముగియలేదు, సద్దిమూటలు విప్పుట ముగియలేదు. మేము పడవ ఎక్కునప్పటికి మూడున్నర దాటినది. తప్పు పడవవానిది గాదు, ముమ్మాటికిని మాదే.

నాలుగు గంటల ప్రాంతమున పడవ అడుగున బరబరమని శబ్దమయ్యెను. ఒక్కసారి ముందుకు తూలితిమి. పడవవాడు తక్షణమే మోటారు ఆపి, గడతో వెనుకకు నెట్టెను. కదలలేదు. మమ్మందరిని వెనుకవైపునకు జరుగుమని చెప్పి, ముందుభాగము తేలికయైనప్పుడు మరల నెట్టెను. ఇంచుక కదలి, మరల కూలబడెను. నాలుగైదు నిమిషములలో ప్రక్కనున్న బురద నీటిలోనుండి తలయెత్తి, తళతళ మెరయుచు కానవచ్చెను. అంతట ఆ అవ్వ కొడుకుతో "ఇంక ఊరుకో అబ్బాయా. చాలు" అనెను.

ఇసుకదిబ్బ అక్కడికి ఇరువది గజములకు మించదు. నడుమ నున్నది మోకాలిలోతు బురదనీరు. "ఇరువది గజములే గదా, పిల్లలను ఎత్తుకొని నడచిపోవుదము" అని మా వదినగారు లేచిరి. "దిగబాకండమ్మా, దిగబాకండి" అని అవ్వ కేక వేయుచుండగనే ఆమె ఒక కాలు వెలుపల బెట్టిరి. కాలు మోకాలు దాటి తొడవరకు దిగిపోయెను. పైకి లాగబోయినకొలది రెండవ కాలుకూడ జారబోయెను. ఆమె ముఖమున నెత్తురుచుక్క లేదు. పడవవాడు గడను అడ్డముగా బడవేసి, దానిమీద ఒరగుమని చెప్పెను. అవ్వ ఆమె చంకలక్రింద చేతులు వేసి, "తన్నుకోబాకమ్మా, మెల్లిగా పండుకో, పండుకుంటే బురద వొదుల్తుంది" అని బిడ్డను లాలించినట్లు మాటలాడుచు, కొంచెము కొంచెముగా పడవలోనికి లాగెను. చెప్పు బురదకు దక్కినది. మా వదినగారు మాకు దక్కిరి. ఆమె చంకలో ఆ సమయమున బిడ్డ యుండినచో ఏమి జరిగెడిదో తలచుకొన్నప్పుడెల్ల నేటికిని మాకు ఒడలు జలదరించును.

తరువాత అవ్వ చేసిన పనులను మేము ఊరకనే చూచుచుంటిమి. వాని యర్థము తరువాత అడిగి తెలిసికొంటిమి. ఆమె మొదట కొడుకుచేత లంగరును లోతైన వైపునకు విసరించెను. పోటు వచ్చునప్పుడు నీరు పడవను మరింత మెరకకు నెట్టకుండుటకు అది పగ్గము. పిమ్మట మమ్మందరిని దిబ్బవైపు అంచున గూర్చుండుమనెను. పడవ మెరకవైపు ఒరిగి నిలిచినచో తిరిగివచ్చు నీరు దాని వెలుపలి వీపును దాకును. లోతువైపు ఒరిగినచో తెరచియున్న అంచుపైనుండి నీరు లోపల జొరబడును. చిల్లి యేమైన పడినదాయని అడుగుపలకలను తడవి చూచెను. మంచినీటి బిందెకు మూతవేసి, "ఇది బిడ్డలకు. పెద్దోళ్ళం ఓర్చుకుందాం" అనెను. వలలమీద కప్పు పరదాను తీసి పిల్లలకు కప్పెను. పడవవాని చేతిఫోను అందియందక పలికెను. ఒడ్డునున్న మగవారికి, ప్రాణభయము లేదు, రాత్రికి వత్తుమని కబురు మాత్రము చేరినది.

"ఎంతసేపు అవ్వా?" యని మేము అడిగితిమి. ఆమె గడియారము చూడలేదు. "నిన్న చవితి గదమ్మా. ఈ పొద్దు పంచమి. సందె దాటినాక నీళ్ళు అడుగంటుతాయి. చందమామ పొడిచేతలికి పడవ లేస్తుంది" అనెను. మా వదినగారు ముందురోజు సంకటహర చతుర్థికి ఉపవాసముండి, చంద్రదర్శనము కొఱకు రాత్రి తొమ్మిది దాటువరకు డాబాపై కాచుకొనినవారు. "అట్లయిన నేడు పదిగంటలకు!" అని ఆమె నోటనుండి వెలువడెను. అవ్వ నవ్వి, "ఉపాసముండేదానివి, నీకు తెలీదా?" అనెను.

ఆ మాట మాకు కనువిప్పు. పంచాంగము ప్రతిదినము చూచుచున్నను, సముద్రము సైతము ఆ పంచాంగమునే అనుసరించునని మాకు తోచలేదు.

పోటు, పాటు

చంద్రుని యాకర్షణచేత ముఖ్యముగాను, సూర్యుని యాకర్షణచేత కొంతయు సముద్రజలము ఉబుకును. ఉబుకుట పోటు, తగ్గుట పాటు. మన తూర్పుతీరమున దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. నిండిన నీరు పూర్తిగా తగ్గుటకు ఆరుగంటలకు కొంచెము మించి పట్టును. మరల నిండుటకు మరియొక ఆరుగంటలు. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరుసనుండి లాగుటచే నీరు మిక్కిలి పొంగును, మిక్కిలి తగ్గును. అష్టమి ప్రాంతములలో పొంగును తక్కువ, తగ్గుటయు తక్కువ.

దినమునకు అరువది గడియలు. మాసమునకు ముప్పది తిథులు. కాబట్టి తిథికి రెండు గడియలు, అనగా 48 నిమిషములు. ఒకానొక రేవులో పౌర్ణమినాడు ఏ వేళకు పోటు నిండునో తెలిసినచో, పాడ్యమికి రెండు గడియలు, విదియకు నాలుగు గడియలు, పంచమికి పది గడియలు ఆలస్యముగా నిండునని స్థూలముగా లెక్కింపవచ్చును. చంద్రోదయము ఆలస్యమగుటయు ఇట్లే గదా. అక్షరములు రాని ఆ అవ్వ వ్రేళ్ళపై గణించినది ఈ లెక్కయే. రేవు రేవునకు వేళ వేరు. గాలి, నదుల వరద కూడ మార్పు తెచ్చును. అందుచే స్థానికుల మాటయే ప్రమాణము.

నీరు తగ్గుట ఒక్క తీరున జరుగదు. మూడు సోలల నీరు, అనగా పండ్రెండు గిద్దెలు, ఆరుగంటలలో తగ్గవలెననుకొందము. మొదటి గంటలో ఒక గిద్దె, రెండవదానిలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, అయిదవదానిలో రెండు, ఆరవదానిలో ఒకటి. నావికుల మోటులెక్క ఇది. మేము నీరు నిండుగా నున్నదని మోసపోయినది మొదటి గంటలో. పడవ చిక్కుకొన్నది నీరు పరుగెత్తు నడిమి గంటలలో. మా వదినగారి బాలుడు గడకు గుడ్డపేలికలు కట్టి గంటగంటకు కొలిచెను. మొదటి గంటకు ఇంచుమించు ఆరు వ్రేళ్ళు, రెండవ గంటకు నాలుగు, మూడవ గంటకు రెండు వ్రేళ్ళు తగ్గెను. మొత్తము జానెడు! జానెడు నీరు మమ్ము చెరపట్టెను.

చెన్నపట్టణపు తీరమున పెద్ద పోటునకు నీరు సుమారు ఒక మీటరు ఎత్తు లేచును. కయ్యలోపల అంతకన్న తక్కువ. గుజరాతులోని ఖంభాతు అఖాతమున 10 మీటర్ల పోటు కలదు. కెనడాలోని ఫండీ అఖాతమున 16 మీటర్ల వరకు కలదు. కాని ప్రళయకావేరి లోతే సగటున ఒక మీటరు ప్రాంతము. లోతులేనిచోట జానెడైనను జానెడు గాదు.

వేచియుండుట ఎంతకాలమో చిక్కుకొన్న వేళనుబట్టి యుండును. నీరు పెరుగుచుండగా నేలదాకిన పడవకు చింత లేదు. కొంతసేపటికి అదే లేచును. పాటు నడుమ దాకినచో ఆరుగంటలు. పోటు నిండిన వెంటనే దాకినచో పండ్రెండు గంటలకు పైబడును. పౌర్ణమినాటి నిండుపోటున మెరకయెక్కినచో, తరువాతి పోటులు అంతయెత్తు రావు గనుక మరుసటి అమావాస్యవరకు కాచుకొనవలసి రావచ్చును. ఇది చిన్న పడవలకే గాదు. 2021 మార్చి 23న సూయజు కాలువలో 400 మీటర్ల పొడవుగల ఎవర్ గివెన్ అను ఓడ అడ్డముగా నేలలో గ్రుచ్చుకొని, లోకపు వర్తకమునకు ఆటంకము గలిగించిన సంగతి చదివియుందురు. త్రవ్వెడు యంత్రములు, లాగెడు పడవలు ఎన్నో పనిచేసినవి. తుదకు ఫాల్గుణ పౌర్ణమి పోటు తోడుకాగా, మార్చి 29న అది తేలినది. అంత పెద్ద ఓడయు, మా చిన్న పడవయు చందమామకే మ్రొక్కవలసి వచ్చెను.

చీకటిలో

సూర్యుడస్తమించెను. ఏడుగంటలకు మా చుట్టును నీరు కానరాదు. నల్లని బురదయు, దానిపై చిన్నచిన్న పీతలును. దూరమున ఊరిదీపములు మినుకుమనుచుండెను. సముద్రపు గాలికి చలి హెచ్చెను. బిడ్డ ఏడ్వసాగెను. మా చెల్లెలు పాలిచ్చుచు, కన్నీరు కనబడకుండ ముఖము త్రిప్పుకొనెను. తక్కిన పిల్లలకు ఆకలి. మా సద్దిమూటలు మధ్యాహ్నమే ఖాళీ యయ్యెను.

అవ్వ తన డబ్బీ తెరచి, గంజియన్నమును, వేయించిన ఎండుచేపను పిల్లలముందు బెట్టెను. పిల్లలలో ఒకరు చేపలు ముట్టనివారు. అవ్వ వారికి ఉప్పుగంజి వేరుగా పోసియిచ్చెను. పరుల ఇంట మంచినీరైన త్రాగని మా వదినగారు, "నాకును ఇంత గంజి పోయి, అవ్వా" అనిరి. అంతకు మించి ఆ సంగతి ఎవ్వరును ప్రస్తావింపలేదు.

అప్పుడు అవ్వ తన కాలపు మాటలు చెప్పెను. ఆమె చిన్నతనమున కయ్యలో నడుములోతు నీటిలో గూర్చుండి, బురదను చేతులతో తడవి రొయ్యలు పట్టి, నోట కరచుకొన్న బుట్టలో వేసికొనెడిదట. ఆ తీరమున నేటికిని పేదస్త్రీలు పెక్కండ్రు ఇట్లు చేతితోనే రొయ్యలు పట్టుచుందురు. రొయ్యపిల్లలు సముద్రమున పుట్టి, పోటుతోగూడ కయ్యలోనికి వచ్చి పెరుగును. ముఖద్వారము తెరచియున్ననే పోటు వచ్చును. పోటు వచ్చిననే రొయ్యయు, చేపయు. "మీకు నీళ్ళు పోతే ఒక రేయి కష్టం తల్లీ. మాకు మొగ మూసుకుంటే ఏడాదంతా పస్తే" అని ఆమె అన్నది.

ఆ మాటలోని నిజమును మేము తరువాత విచారించి తెలిసికొంటిమి. మన తూర్పుతీరమున అలలు ఇసుకను ఒడ్డువెంబడి సంవత్సరములో కొంతకాలము ఉత్తరమునకును, కొంతకాలము దక్షిణమునకును నడపుచుండును. మొత్తముమీద ఉత్తరపు నడకయే హెచ్చు. ఆ ఇసుక ముఖద్వారమున మేటవేయును. కార్తీక మార్గశిరముల వానలకు కాళంగి, ఆరణి మొదలగు ఏరులు పొంగి కయ్యలో బడినప్పుడు, వరదనీరు సముద్రమునకు బోవుచు ఆ మేటను త్రోసివైచును. వానలు తక్కువయైన ఏట త్రోయుబలము చాలదు. వేసవిలో ద్వారము ఇరుకై, ఒక్కొక్కప్పుడు పూర్తిగా మూసికొనును. అప్పుడు కయ్యనీరు ఎండి, ఉప్పు హెచ్చి, చేప చచ్చును, పడవలు నడువవు. మా పడవ తాకిన మెరకయు అట్టి మేటయే. మేము చిక్కుకొన్న ఇసుకయే వారి అన్నమునకు అడ్డుపడు ఇసుక.

ఎనిమిదిన్నర ప్రాంతమున బాలుడు గడను దడవి, "తడి పైకి వచ్చినది!" అని కేకవేసెను. మొదట ఎవరును నమ్మలేదు. తరువాత బురదపై సన్నని నీటిపాయలు ప్రాకుచున్న చప్పుడు వినవచ్చెను. తొమ్మిదికి పడవక్రింద నీరు గలగలలాడెను. పది కావచ్చుచుండగా తూర్పున ఇసుకదిబ్బ వెనుకనుండి చంద్రుడు, అంచు తరిగి, ఎఱ్ఱగా లేచెను. పడవ ఒకసారి నిట్టూర్చినట్లు కదలి, నిటారుగా నిలిచెను. పడవవాడు లంగరుత్రాడును మెల్లగా లాగుకొనుచు పడవను లోతునకు జేర్చి, చాలినంత నీరు వచ్చిన పిమ్మటనే మోటారు నడిపెను. ఒడ్డున మగవారు దీపములతో నిలిచియుండిరి. ఎవ్వరును ఎవ్వరిని కోపగించుకొనలేదు. ఇంటివద్ద మా అత్తగారు మాత్రము "కాకి తిరిగి వచ్చినదా?" అని అడిగిరి.

ఈ కథను కొంతకాలము మేము వినోదముగా చెప్పుకొంటిమి. 2011 డిసెంబరు 25న అదే కయ్యలో విహారమునకు బోయిన పడవ బోల్తాపడి 22 మంది మరణించిరను వార్త చదివిన దినమునుండి ఆ నవ్వు మానుకొంటిమి. మేము ఎక్కిన పడవలోను తేలుదుస్తులు లేవు, మేమును అడుగలేదు. మమ్ము రక్షించినవి జానెడు లోతును, ఒక ముసలితల్లి ఓర్పును. అవి ప్రతివారికిని ప్రతిసారియు లభింపవు.

గుర్తుంచుకొనవలసినవి

పిల్లలతో నీటిమీదికి పోవు తల్లులు, పడవ ఎక్కకముందు అడుగవలసినవి మూడే. ఇప్పుడు పోటా, పాటా? తిరిగి ఎప్పటికి ఎక్కవలెను? ఎక్కువారందరికిని తేలుదుస్తులు కలవా? మూడవదానికి లేదని ప్రత్యుత్తరము వచ్చినచో ఎక్కరాదు. విహారమునకు అనుమతిలేని పడవను, బరువు మించిన పడవను ఎంత బ్రతిమాలినను ఎక్కరాదు. మంచినీరు, ఒక దుప్పటి, చేతిదీపము, బిడ్డకు ఒకపూట ఆహారము అదనముగా మూటగట్టుకొనవలెను.

పడవ నేల తాకినచో మోటారు ఆపింపవలెను. అది ఇసుకను మరింత త్రవ్వి, తానును చెడును. తాకిన కొనకు బరువు తగ్గించి, వచ్చినదారినే వెనుకకు నెట్టవలెను. నీరు పెరుగునది యైనచో ఓర్పు చాలును. తగ్గునది యైనచో మొదటి నాలుగు నిమిషములే అక్కరకు వచ్చును. అప్పటికిని కదలకున్న, లంగరు లోతువైపు వేసి, మెరకవైపు ఒరగి కూర్చుండవలెను. బురదలోనికి దిగరాదు, ఒడ్డు ఎంత చేరువగా కనబడినను దిగరాదు. పొరపాటున దిగబడినచో తన్నుకొనక, వెడల్పుగా ఒరగి, గడనో పలకనో ఆధారము చేసికొని మెల్లగా కాళ్ళు విడిపించుకొనవలెను. పడవలో నీరు జొరబడుచున్నను, గాలివాన కానవచ్చినను, 112కు గాని, తీరరక్షకదళమువారి 1554కు గాని వెంటనే ఫోను చేయవలెను. ఒడ్డుననున్నవారికి, ఎక్కడ నున్నారో, ఎందరున్నారో స్పష్టముగా చెప్పవలెను.

అటుపిమ్మట ఒక సంవత్సరము మేము ఆ పల్లెకు రోడ్డుమార్గమున బోయి అవ్వను చూచివచ్చితిమి. మా వదినగారు ఆమెకు పుంగనూరునుండి ఒక చీరయు, ఒక సేరు నెయ్యియు తీసికొనిపోయిరి. అవ్వ చీరను కన్నులకద్దుకొని, ముందుగా ఆమె కాళ్ళవైపు జూచి, "ఆ చెప్పు మళ్ళా దొరకలేదమ్మా" అనెను. ఇద్దరును చాలసేపు నవ్విరి. ఇప్పటికిని ఉగాదికి క్రొత్త పంచాంగము వచ్చినప్పుడు మా వదినగారు మొదట రాశిఫలములు చూడరు. సంకటహర చతుర్థులు ఏయే దినములలో బడినవో గుర్తుపెట్టుకొని, ప్రక్కన పంచమికి పది గడియలని సన్నని అక్షరములతో వ్రాసికొందురు. పుంగనూరులో పోటు లేదుగదాయని మేము పరిహసింతుము. "పిల్లలు పోవు ఊళ్ళలో నుండును గదా" అని ఆమె బదులు చెప్పుదురు.